ఎడమ పక్క నాది, కుడి పక్క సత్యానిది

కిందటి నెల మా కంపెనీవాళ్లు కబురు పెట్టి, కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. వెళ్లగానే చేతిలో ఒక రంగురంగుల పుస్తకం పెట్టారు. హయత్‌నగర్ అవతల ఇప్పుడున్న పెద్ద కార్ఖానా ఫొటో, దాని ముందు వరసగా నిలబెట్టిన కార్లు, లోపల "ఒక కల, ఒక పట్టుదల" అంటూ మా చరిత్ర. అక్కడే కూర్చుని చదివాను. అందులో చైతన్యపురి షెడ్డు లేదు. బందులు లేవు. మేం చేసిన తెలివితక్కువ పని లేదు. సత్యం పేరైతే మచ్చుకు కూడా లేదు. ఒళ్లు మండింది. మైకు ముందు ఏవో నాలుగు ముక్కలు చెప్పి దిగిపోయాను. మిగిలినవి ఇంటికొచ్చి ఇలా రాస్తున్నాను.

నా పేరు నర్సింహ. మాది నల్లగొండ జిల్లా. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర నాకో చిన్న డెంటింగ్ దుకాణం ఉండేది. గుద్దుకున్న కార్లు, సొట్టలు పడ్డ ఆటోలు, గోడకు రాసుకున్న జీపు తలుపులు, ఇవే నా బతుకు. అక్కడి నుంచి ఈ కార్ల కంపెనీలో బాడీ సెక్షన్ హెడ్‌గా రిటైరయ్యాను. మధ్యలో వచ్చిన హోదాల గురించి రాయను. వాటి వల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

సారు అడిగిన ప్రశ్న

రాఘవరావు సారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి చైతన్యపురిలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఒకసారి ముందు భాగం నుజ్జయిన తన పాత కారు నా దగ్గరికి తెచ్చారు. నేను పని చేస్తుంటే స్టూలు వేసుకుని మూడు రోజులు చూశారు. నాలుగో రోజు అడిగారు.

"నర్సింహా, పాడైన రేకుని ఇంత బాగా సాపు చేస్తున్నావు. కొత్త రేకుతో మొత్తం కారు చెయ్యగలవా?"

"ఏం కారు సారూ?"

"స్పోర్ట్స్ కారు. నేలకి ఆనుకుని పోవాలి. గంటకి మూడు వందల కిలోమీటర్లు పోవాలి."

"యాడికి పోతది సారూ? మన దిల్‌సుఖ్‌నగర్ల సాయంత్రమైతే సైకిల్ గుడ పోత లేదు."

ఆయన నవ్వి, సంచిలోంచి కాగితాలు తీశారు. పిల్లల పరీక్ష పేపర్ల వెనక పక్క గీసిన బొమ్మలు. ఒక్కొక్కటీ చూస్తుంటే నా అరచేతులు దురద పెట్టాయి. అంతవరకు ఎవడో చేసిన బండిని మళ్లీ మొదటిలా చెయ్యడమే నా పని. మొదటిసారి, ఎవరూ చెయ్యని దాన్ని చెయ్యమని ఒకరు అడిగారు. "చేస్త" అన్నాను. ఎలా చేస్తానో మాత్రం తెలియదు.

చైతన్యపురిలో హాస్టళ్ల సందు చివర ఒక ఖాళీ షెడ్డు కిరాయికి తీసుకున్నాం. ఇనుప పైపులతో బండి చట్రం, అదే చాసిస్, అతికాం. వరదలో మునిగిన ఒక విదేశీ కారు ఇంజను తెచ్చి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కూర్చాం. కారుకి గిజిగాడు అని సారే పేరు పెట్టారు. చేత్తో అల్లిన వస్తువు కాబట్టి ఆ పక్షి పేరే తగినదని ఆయన వాదన.

సారు గురించి ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఆయనంత బుర్ర నేను మళ్లీ చూడలేదు. కానీ ఎదుటి మనిషితో "నీ పని బాలేదు" అనడం ఆయనకు చేతకాదు. క్లాసులో తప్పు జవాబు చెప్పిన పిల్లాడికి కూడా "దాదాపు కరెక్టే" అనేవారట. పంతులుకి అది మంచి గుణమేమో, యజమానికి మాత్రం జబ్బు.

కొత్తపేట స్పీడ్ బ్రేకరు

ఒంటి మీద ఒక్క రేకు కూడా లేకుండా, పైపులు, చక్రాలు, ఒక సీటుతో బండిని మొదటిసారి రోడ్డెక్కించాం. ఒక ఆదివారం పొద్దున్నే. సారు నడుపుతున్నారు, నేను వెనక స్కూటర్ మీద వస్తున్నాను. కొత్తపేట రైతుబజార్ దగ్గర స్పీడ్ బ్రేకరు మీదికెక్కి బండి అక్కడే కూర్చుంది. ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు, కడుపు మధ్యలో ఆనింది. వెనక షేర్ ఆటోలు ఆగిపోయి హారన్ల మోత.

ఒక ఆటో డ్రైవర్ దిగొచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంది సారూ, బండి సగమే కొన్నరా?"

నలుగురు ఆటోవాళ్లు, వంకాయల సంచితో ఉన్న ఒకావిడ, నేను కలిసి ఎత్తి అవతల పెట్టాం. ఆవిడ చేతులు దులుపుకుంటూ, "గీ స్పీడ్ బ్రేకర్ కొలత తీస్కొని చెయ్యకపోయిండ్రా?" అంది. అంతకన్నా మంచి ఇంజనీరింగ్ సలహా మాకు తర్వాత కూడా ఎవరూ ఇవ్వలేదు. మర్నాటి నుంచి సారు, నేను ఒక కర్ర పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ప్రతి స్పీడ్ బ్రేకరూ కొలిచాం. ఇవాళ మా కార్లలో మీట నొక్కితే ముందు భాగం పైకి లేస్తుంది కదా, దాన్ని చూసి విదేశీయులు కూడా మెచ్చుకుంటారు. అది ఆ వంకాయల ఆవిడ పుణ్యం.

సత్యం

బండి ఒంటికి రేకు తొడిగే పనికి నేనొక్కణ్నే చాలనని సారు విజయవాడ నుంచి సత్యాన్ని పిలిపించారు. లారీ క్యాబిన్లు, బస్సు బాడీలు చేసిన చెయ్యి. సన్నగా ఉంటాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, పనిలోకి దిగేముందు దాన్ని విప్పి మడతపెట్టి అట్టపెట్టెలో దాచుకుంటాడు. భార్యతో కొత్తపేటలో అద్దెకు దిగాడు.

మొదటి రోజే మాట తేడా వచ్చింది. "సత్యం, నువ్వు గా సుత్తె ఇటియ్యి" అన్నాను. సుత్తి ఇచ్చాడు కానీ మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు. తర్వాత తెలిసింది, నువ్వు అన్నందుకు నొచ్చుకున్నాడని. "మేం దేవుణ్ని గుడ నువ్వనే అంటం సత్యం" అన్నాను. "దేవుడికి వేరే దిక్కు లేదు కాబట్టి పడతాడండీ" అన్నాడు. ఆ మాటకి పడీ పడీ నవ్వాను. ఆ రోజు నుంచి మాకు కుదిరింది. నేను నువ్వు అనేవాణ్ని, అతను మీరు అనేవాడు.

పనిలో మా ఇద్దరివీ వేర్వేరు దారులు. నేను అరచేతి కింద మెత్తటి గుడ్డ పెట్టి రేకు మీద తడుముతాను, ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. సత్యం అట్ట ముక్కలు కత్తిరించి, వాటిని రేకుకి ఆనించి, సందులోంచి వెలుతురు వస్తోందా అని చూస్తాడు. ఎవరిది గొప్ప అని అడగకండి. రెండూ రావాలి.

మా పనిలో ఒక మర్యాద ఉంది. ఒకరు కొట్టిన రేకు మీద, వాళ్లు పిలిచి అడిగితే తప్ప, ఇంకొకరు చెయ్యి వెయ్యరు. ఉస్తాదుల కాలం నుంచి ఉన్న పద్ధతి. మంచిదే అనుకునేవాణ్ని.

బందుల కాలం

అప్పుడే ఉద్యమం జోరందుకుంది. నేను తెలంగాణ కావాలన్నవాణ్ని, అందులో దాపరికమేమీ లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజు గరిటె తిప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. మర్నాడు షెడ్డుకి వెళ్తే సత్యం నా చొక్కా మీది పసుపు మరకలు చూశాడు. ఏమీ అనలేదు. మామూలు రోజుల్లో అయితే "వంట మీరు చేస్తే తిన్నవాళ్ల గతేంటండీ" అనేవాడు.

ఆ అనని మాటే నాకు బాగా గుర్తుంది. మెల్లగా షెడ్డులో వేళాకోళాలు ఆగిపోయాయి. అందరం అతి మర్యాదస్తులమైపోయాం. సారు నాతో మాట్లాడాలంటే ముందు గొంతు సవరించుకునేవారు. సత్యం భార్య విజయవాడ వెళ్లిపోదామని రోజూ పోరుతోందని విన్నాను. ఒకరోజు తనే చెప్పాడు.

"ఈ కారు పూర్తిచేసి వెళ్లిపోతానండీ. మా ఆవిడ భయపడుతోంది."

ఉండమని చెప్పాలనిపించింది. గుండెలో ఉంది, నోటికి రాలేదు. "నీ ఇష్టం" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

బంద్ రోజున ఎవరు రాగలిగితే వాళ్లు వచ్చేవాళ్లం. ఇద్దరం కలిసి పనిచేసిన రోజులు తగ్గిపోయాయి. అందుకని సారు పని పంచారు. ఎడమ పక్కంతా నాది, కుడి పక్కంతా సత్యానిది. రేకు ఆనించి ఆకారం సరిచూసుకోడానికి ఇనుప చువ్వలతో చేసిన పంజరం ఉంది కాబట్టి చాలావరకు తేడా రాదు. కానీ వెనక చక్రాల మీది మడ్‌గార్డులకు పంజరం లేదు. అక్కడ ఎంత ఉబ్బు ఉండాలో సారు తేల్చుకోలేక మా చేతికే వదిలేశారు.

నేను నిండుగా తీశాను. సత్యం సన్నగా, తోక వైపు జారిపోయేలా తీశాడు. రెండూ బిగించాక ఒకరోజు వెనక నిలబడి చూశాను. వేలు మందం తేడా. నాకు కనబడింది. పనిలో పుట్టి పెరిగినవాడికి కనబడకుండా ఉంటుందా? చెప్పలేదు. చెబితే, రాష్ట్రం రాకముందే పెత్తనం మొదలుపెట్టాడనుకుంటాడేమోనని. రంగు వేస్తే తెలియదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

జంగయ్య సేటు చేతులు

మొదటి కారు కావాలన్నది జంగయ్య సేటు. కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయిల కమీషన్ వ్యాపారి. దసరాకి బండిపూజ చేసి మార్కెట్ గేటు ముందు నిలబెడతానని అందరికీ చెప్పేశాడు. ఇంకో ఇద్దరు, జంగయ్య తీసుకుంటే మేమూ తీసుకుంటామని కాచుకుని ఉన్నారు. అప్పటికి సారు కోచింగ్ సెంటర్లో ఉద్యోగం మానేశారు. ఈ కారు జంగయ్య ఇంటికి వెళ్లకపోతే షెడ్డుకి తాళమే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

దసరా పన్నెండు రోజులుందనగా జంగయ్య వచ్చాడు. ఇంకా రంగు వెయ్యలేదు. ఇంజను చూపిస్తామంటే వినలేదు. వెనక్కి వెళ్లి, వంగి, రెండు చేతులూ చాచి రెండు మడ్‌గార్డుల మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. రోజూ రెండు చేతుల్లో రెండు కాయలు పట్టుకుని ఏది ఎంతో చెప్పే మనిషి.

"రాఘవరావు సారూ, గీ ఎడమ పక్క కాయ లావున్నది. గా కుడి పక్కది పీలగున్నది."

కళ్లు తెరిచి నడుం ఎత్తాడు.

"ఒక్క చెట్టు కాయలు గావు ఇవి. జర ఒక్క తీర్గ చేయిండ్రి. దసరాకు తీస్కపోత. గిట్లనే ఉంటె మాత్రం నాకొద్దు."

కోపంగా కూడా అనలేదు. నవ్వుతూ అని, చాయ్ తాగి వెళ్లాడు. మేం ముగ్గురం వారాల తరబడి మోసిన మాటని ఆయన చాయ్ కాగేలోపు చెప్పేశాడు.

ఇద్దరం చేసిన ఘనకార్యం

ఆయన వెళ్లాక కూడా ఎవరి రేకు మార్చాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. సారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. సత్యం చొక్కా వేసుకున్నాడు.

మర్నాడు రెండు రోజుల బంద్ మొదలు. బంద్‌కి ముందు సాయంత్రమే, ఎవరూ లేనప్పుడు నేను సత్యం రేకుకి అట్ట ఆనించి ఆకారం తీసుకున్నాను. దొంగలా ఆ అట్టను చొక్కా లోపల దాచాను. నా మడ్‌గార్డు విప్పి ఆటోలో ఎల్బీనగర్‌లో నా పాత దుకాణానికి తీసుకెళ్లాను. సారుకి ఫోన్ చేశాను.

"సారూ, నాదే సన్నగ చేస్త. సత్యంకు మాత్రం చెప్పొద్దు."

"అలాగే నర్సింహా" అన్నారు.

రెండు రోజులు కోశాను, మడిచాను, అతికాను, సాపు చేశాను. మూడో రోజు పొద్దున తెచ్చి బిగించి, వెనక్కి వచ్చి చూశాను. నాది సన్నగా ఉంది. సత్యానిది లావుగా ఉంది.

సత్యం నా వెనకే నిలబడి ఉన్నాడు. చేతిలో అట్ట ముక్క. అది నా పాత మడ్‌గార్డు ఆకారం. నేను తీసుకెళ్లకముందే ఒక మధ్యాహ్నం అతనూ దొంగతనంగా కత్తిరించుకున్నాడు. షెడ్డుకి నడిచి వచ్చి, రెండు రోజులు తన రేకుని సాగగొట్టి లావు చేశాడు. నా మడ్‌గార్డు కనబడకపోతే, అంచులు సాపు చేసుకోడానికి తీసుకెళ్లాననుకున్నాడట. సారుకి అతనూ చెప్పాడట, "నర్సింహగారితో అనకండి మాస్టారూ" అని.

ఇద్దరం సారు వైపు తిరిగాం.

"ఇద్దరూ చెప్పొద్దన్నారు కదయ్యా, నేను మాట తప్పలేదు" అన్నారాయన. "చెరి సగం మారుస్తున్నారేమో అనుకున్నాను."

మడ్‌గార్డు గొడవ

"నిన్నెవరు మార్చమన్నరు?" అని నేను అరిచాను.

"మిమ్మల్నెవరు మార్చమన్నారు?" అని అతను అరిచాడు. అంతవరకు సత్యం గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

"నీది పీలగున్నదని నాకు ముందుగాలనే ఎరుక!"

"మీది గుమ్మడికాయలా ఉందని నాకూ ముందే తెలుసు!"

"ఎరుకైతె చెప్పొద్దా?"

"ఎలా చెప్పనండీ? ఆంధ్రావాడు వంకలు పెడుతున్నాడంటారని! మీరెందుకు చెప్పలేదు?"

"పెత్తనం చేస్తున్ననంటవని!"

హాస్టల్ పిల్లలు పదిమంది గేటు దగ్గర పోగయ్యారు. "ఏమైంది అంకుల్, తెలంగాణ గొడవా?" అని ఒకడు అడిగాడు. "కాదు పోండి, మడ్‌గార్డు గొడవ" అని ఇద్దరం ఒక్కసారే కసిరాం. సత్యానికి ముందు నవ్వొచ్చింది. తర్వాత నాకు. సారు స్టూలు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నారు, అది నవ్వో ఏడుపో తెలియలేదు.

నవ్వులు ఆగాక అసలు పని మాట్లాడాం. ఏ ఆకారం మంచిది? మొదటిసారి సారు కూడా నోరు విప్పారు. "నర్సింహా, నీది బాలేదు" అన్నారు. "దాదాపు" అనలేదు. నొప్పి పుట్టింది. కానీ నిజం. సత్యం తీసిన వాలు బండి పొడవునా పారినట్టుంది, నాదే పక్కకు ఉబ్బింది. నా ఎడమది ఇప్పుడు ఎలాగూ ఆ ఆకారానికే వచ్చింది. సత్యం కుడిదే సాగి సాగి పలచబడి అంచుల్లో చీలింది. కొత్తది చెయ్యాలి. అల్యూమినియం రేకు ఒక్కటే మిగిలింది. బంద్ అయిపోయినా దుకాణాలకు సరుకు రాలేదు. దసరా తొమ్మిది రోజులు. రంగుకి ఐదు రోజులు పోతే మిగిలేది నాలుగు.

ఆ నాలుగు రోజులూ నేను నా దుకాణానికి పోలేదు, సత్యం ఒక్కడూ పని చెయ్యలేదు. ఒకరు ఇసుక సంచి మీద రేకు పట్టుకుంటే ఒకరు కొయ్య సుత్తితో కొట్టాం. పది దెబ్బలకోసారి అతను నా చెయ్యి లాగి రేకు మీద పెట్టేవాడు, "చెప్పండి, ఎక్కడ ఎత్తుంది" అని. నేను చెప్పేవాణ్ని. అతను అట్ట ఆనించి, "అక్కడ కాదండీ, ఇక్కడ" అనేవాడు. తిట్టుకున్నాం. ఒకసారి సత్యం సుత్తి విసిరేశాడు కూడా. మూడో రోజు సాయంత్రానికి రేకు కుదిరింది. దసరా ముందురోజు జంగయ్య వచ్చి మళ్లీ వంగి, చేతులు చాచి, కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరవకుండానే "ఇప్పుడు కవల పిల్లలు" అన్నాడు. కాచుకుని ఉన్న ఆ రెండు ఆర్డర్లూ ఆ వారంలోనే ఖాయమయ్యాయి.

పిల్లలూ, మీ దగ్గర ఇప్పుడు వెంట్రుకవాసి తేడా కూడా చెప్పే యంత్రం ఉంది. అది తెర మీద ఎర్ర గీత చూపిస్తుంది. పక్కవాడి దగ్గరికి వెళ్లి "అన్నా, నీది తప్పింది" అని మాత్రం అది చెప్పదు. అది మీరే చెప్పాలి. పక్కవాడు ఏ ఊరివాడైనా, ఏ కులంవాడైనా, బయట ఏ గొడవ జరుగుతున్నా. మర్యాద పేరుతో మేం పోగొట్టుకున్నంత రేకు, పని రానివాళ్లు కూడా పోగొట్టలేదు.

గులాల్ రోజు

సత్యం వెళ్లిపోతానన్న మాట అలాగే ఉండిపోయింది. మొదటి కారు పోయింది, రెండోది పోయింది, మూడోదాని పని నడుస్తోంది. వెళ్తున్నాడో ఉంటున్నాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఇంటి దగ్గర పోరు తగ్గలేదని మాత్రం తెలుసు.

చివరికి తెలంగాణ ఖాయమైందని తెలిసిన రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో మేం ఆడని ఆట లేదు. నా తల, గడ్డం, చొక్కా అంతా గులాల్ రంగే. మధ్యాహ్నం ఆ గులాల్ పొట్లం పట్టుకునే షెడ్డుకి వెళ్లాను. సత్యం ఒక్కడే ఉన్నాడు, బండి పక్కన ఒంగి పని చేసుకుంటున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నా సంతోషం నాది, అతని దిగులు అతనిది. పొట్లం వీపు వెనక దాచాను.

అతను తలెత్తి చూశాడు.

"ఏంటన్నా, మళ్లీ మొహమాటమా? రా, పుయ్యి."

అంతవరకు నన్ను అన్నా అన్నది లేదు. దగ్గరికెళ్లి రెండు బుగ్గలకీ పూశాను. ఇంక ఆగలేక అడిగేశాను.

"పోతున్నవా సత్యం? పోకు. నువ్వు పోతె నాకు మంచిగుండదు."

అతని కళ్లు తడిశాయి, గులాల్ కారింది. నా మణికట్టు పట్టుకుని ఎడమ పక్కకు తీసుకెళ్లి, నేను నిన్న కొట్టిన మడ్‌గార్డు మీద నా అరచెయ్యి పెట్టాడు.

"చూడు, మళ్లీ లావు తీశావు. నేను పోతే నీకిది చెప్పేవాడెవడు?"

కళ్లు మూసుకుని తడిమాను. నిజమే, లావుగానే ఉంది.